నాలుగో చూపు

మొన్న గుడివాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లి బందరు బస్సులో తిరిగి వస్తున్నాను. పక్క సీట్లో ఒక కాలేజీ పిల్ల కూర్చుంది. బస్సు స్టాండు దాటకముందే ఫోను తీసి అందులో తన మొహం చూసుకోవడం మొదలుపెట్టింది. సోకు కాబోలు అనుకున్నాను. పామర్రు దాటింది, ఇంకా చూసుకుంటూనే ఉంది. ఫోటో తియ్యడం, దాన్ని పెద్దది చేసి ఒకే చోట చూడడం, చెరిపెయ్యడం, మళ్లీ తియ్యడం. అందులో ముచ్చటేమీ లేదు. పంటి నొప్పి ఉన్నవాళ్లు నాలుకతో ఆ పన్నే తడుముకుంటూ ఉంటారు చూడండి, అలా చూసుకుంటోంది. గూడూరులో దిగిపోయింది. ఆ పిల్లని నేనేమీ అనలేదు. "ఎందుకమ్మా అంత చూసుకుంటావు, చక్కగా ఉన్నావుగా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. నేను నోరు మూసుకున్నానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అది నాకు నేర్పింది నాకంటే ఇరవై ఏళ్లు చిన్నావిడ.

ఆమె పేరు రాయను. రాసుకోమనే అంది గానీ నాకే ఇష్టం లేదు. బందరు చిన్న ఊరు, నోళ్లు పెద్దవి.

మాది రోల్డ్ గోల్డ్ పని. దిద్దులు, గొలుసులు, ముక్కుపుడకలు. రాగి వస్తువు మీద బంగారు పూత వేస్తారు. పూత గదిలోంచి వచ్చిన ప్రతి వస్తువూ ప్యాకింగుకి వెళ్లేముందు మా చెకింగు బల్ల మీదికి రావాలి. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, అయిదుగురు ఆడవాళ్లం, తలా ఒక భూతద్దం. పూత అంటని చుక్క ఎక్కడన్నా ఉందా, అతుకు సరిగ్గా ఉందా, రాయి కదులుతోందా అని చూసి, బాగుంటే పచ్చ ట్రేలోనూ లేకపోతే ఎర్ర ట్రేలోనూ వెయ్యాలి. ఆ బల్లకి పెద్దని నేను. ఇరవై ఏళ్లుగా వంకలు వెతికి జీతం తీసుకుంటున్నదాన్ని.

మా షావుకారుగారిది ఒకటే రూలు. వస్తువుకి మూడు చూపులు. ముందు ఒకటి, వెనక ఒకటి, అతుకు దగ్గర ఒకటి. అంతే, ట్రేలో పడెయ్యాలి. పడ్డదాన్ని మళ్లీ తియ్యకూడదు.

"నాలుగోసారి చూశారా, నిక్షేపం లాంటి వస్తువు కూడా పాడుగానే కనిపిస్తుందమ్మా. అప్పుడు వంక వస్తువులో ఉండదు, మీ కంట్లో ఉంటుంది" అనేవాడు.

మేం చాటున నవ్వుకునేవాళ్లం. పని తొందరగా తెమల్చడానికి చెప్పే కబుర్లనుకునేవాళ్లం.

ఆమె ఆ బల్ల దగ్గరికి వచ్చింది అందరం మాస్కులు కట్టుకుని తిరిగే రోజుల్లో. గూడూరు అవతల పల్లెటూరు. ముప్పై దాటి ఉంటాయి. మొగుడు ఆటో తోలతాడు. ఎనిమిదేళ్ల కూతురు. వచ్చిన మొదటి రోజే, "అక్కా, నేను ఈ చివర కూర్చుంటానక్కా" అని గోడవారగా సర్దుకుంది. కుడి చెంప గోడవైపు, ఎడమ చెంప మా వైపు. ఆ చోటు ఎవరికీ ఇష్టం ఉండేది కాదు, వెలుతురు తక్కువ, గాలి రాదు. పాపం ఎంత మంచిదో, చెడ్డ సీటు తను తీసుకుంది అనుకున్నాం.

కన్ను మాత్రం అమోఘం. నాకు భూతద్దంలో కనిపించని చుక్క ఆమెకి ఉత్త కంటికి కనిపించేది. నెల తిరక్కుండానే చెన్నై పార్టీకి వెళ్లే సరుకంతా ఆమె చేతిలోనే పెట్టాడు షావుకారు. అయితే ఒక తేడా ఉండేది. పచ్చ ట్రేలో వేసినదాన్ని మళ్లీ తీసి చూసేది. నేను కసిరితే, "తియ్యనులే అక్కా" అని చెయ్యి వెనక్కి లాక్కునేది, మళ్లీ తీసేది.

మాస్కుల రోజులు పోయాయి. మేమందరం వాటిని పీకి పారేసి హమ్మయ్య అనుకున్నాం. ఆమె తియ్యలేదు. ఏడాది గడిచింది, రెండో ఏడు వచ్చింది, బందరు ఎండల్లో కూడా అదే మాస్కు. మధ్యాహ్నం గోడవైపు తిరిగి తినేది. టిఫిన్ డబ్బా మూత లోపలివైపు తళతళా ఉంటుందిగా, అందులో చూసుకునేది. నునుపుగా పాలిష్ చేసిన లాకెట్టు దొరికితే అందులో చూసుకునేది. ఆలస్యంగా వచ్చేది. ఏమ్మా అంటే ఆటో ఆగిపోయిందనేది. ఆటో మొగుడిదే, పాపం దాని మీద ఎన్ని నిందలు వేసిందో!

ఒకరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు మాస్కు కిందకి లాగింది.

"అక్కా, అబద్ధం చెప్పకు. నా ముక్కు చూడు. కుడివైపు వంగిపోయింది కదూ?"

చూశాను. ముక్కు. అందరికీ ఉండే ముక్కే. చిన్నప్పుడు ముక్కు కుట్టించినప్పుడు కంసాలి గట్టిగా లాగాడట, అప్పటినుంచీ ఏటికేడూ వంగుతోందట. దారిన పోయేవాళ్లు దాన్నే చూస్తున్నారట. బస్సులో ఎవరన్నా నవ్వితే అందుకేనట. రోజూ పొద్దున్న అద్దం ముందు గంటన్నర. అందుకే ఆలస్యం.

"నీ మొహం! వంకరా లేదు, టింకరా లేదు. లక్షణంగా ఉన్నావు" అన్నాను.

ఆమె కళ్లలో వెలుగొచ్చింది. నాకు భలే సంతోషమేసింది. ఆ సంతోషమే కొంప ముంచింది.

ఒక శనివారం కరెంటు లేక పూత గదిలోంచి సరుకు రాలేదు. ఊరికే కూర్చున్నాం. నాకు ఒక ఆలోచన తట్టింది. తట్టకుండా ఉన్నా బాగుండేది. "రావే, నీ ముక్కు మా బల్ల మీద చెక్ చేసేద్దాం, ఒకసారితో పీడా పోతుంది" అన్నాను. ఆడవాళ్లందరూ కేరింతలు. ఆమెని కిటికీ ముందు కూర్చోబెట్టి, మాస్కు తీయించి, భూతద్దం పెట్టి చూశాను. ముందు చూశాను, పక్కలు చూశాను, కింద చూశాను. తర్వాత మిగతా ముగ్గురూ చూశారు. "పాసు!" అని నేను అరిచాను. ప్యాకెట్ల మీద వేసే ఓకే స్టిక్కరు తీసి ఆమె జాకెట్టు భుజానికి అంటించాను. అందరం చప్పట్లు కొట్టాం. ఆమె పడీపడీ నవ్వింది. అలా నవ్వడం అదే మొదటిసారి చూడడం. ఆ రోజు మాస్కు లేకుండా ఇంటికి వెళ్లింది. పెద్ద ఘనకార్యం చేశానని ఇంట్లో కూడా చెప్పుకున్నాను.

సోమవారం నేను వెళ్లేసరికి వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి ఉంది. మాస్కుతోనే.

"అక్కా, ఇవాళ కూడా ఒక్కసారి చూస్తావా?"

చూశాను. పాసన్నాను. మంగళవారం మళ్లీ. ఆ వారం చివరికొచ్చేసరికి పొద్దున్న ఒకసారి, భోజనాలప్పుడు ఒకసారి, వెళ్లేముందు ఒకసారి. "సరిగ్గా చూడలేదక్కా, తొందరగా చూశావు." "మొన్న చూసినప్పుడు నీ కనుబొమ్మ ముడిపడింది. ఎందుకు ముడిపడింది?" నాకు విసుగొచ్చింది. ఒకరోజు గట్టిగానే అన్నాను, "ఇంత అందగత్తెవి ఎందుకే ఈ గోల" అని. నేను విసుక్కుంటూ చెప్పింది కాబట్టి అది అబద్ధమని తీర్మానించుకుంది. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు.

మూడు వారాలు పోయాక వాళ్లాయన ఆటో వేసుకుని మా వీధిలోకి వచ్చాడు. గెడ్డం పెరిగి ఉంది.

"అక్కయ్యగారూ, ఇంట్లో అద్దాలన్నీ తీసేశానండీ. స్టీలు పళ్లెంలో చూసుకుంటోంది. ఆటో ఎక్కితే సైడు అద్దంలో చూసుకుంటోంది. దాన్ని కూడా తిప్పేశాను, మొన్న వెనకాల లారీ కనిపించక చచ్చేవాణ్ణి. మోపిదేవి గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం. విజయవాడలో ముక్కు ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికెళ్లాం. ఆయన మంచాయనండీ. నేను కోస్తే ముక్కు మారుతుంది గానీ నీ బాధ మారదమ్మా అని, మనసు డాక్టరుకి చీటీ రాసిచ్చాడు. మెట్లు దిగుతూనే చింపేసింది. నేను పిచ్చిదాన్నా అని మూడ్రోజులు అన్నం ముట్టలేదండీ. మీ మాట వింటుందని వచ్చాను."

నా మాట విన్నందుకే ఇదంతా వచ్చిందని ఆయనకి తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. ఆటో ఎక్కాను.

వెళ్లేసరికి ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని ఏదో మాట్లాడుతున్నాను. ఇంతలో వాళ్ల పాప లోపల్నుంచి వచ్చింది. చేతిలో మా వర్క్‌షాపు భూతద్దం. ఆమె ఎప్పుడో ఇంటికి తెచ్చేసుకుందన్నమాట. పాప ఎంతో బుద్ధిగా తల్లి ఎదురుగా చతికిలబడి, మొహం పైకెత్తి, భూతద్దం చేతికిచ్చింది.

"అమ్మా, నాది కూడా చూడవే. నీలాగే అయిపోతోందా?"

ఆమె లేచి కూర్చుంది. ఎంతసేపు పాప మొహం వంక చూసిందో నేను చెప్పలేను. పాప కదలకుండా, ఊపిరి బిగబట్టి కూర్చుంది, మేము పాసు చేస్తామని మా ముందు వాళ్లమ్మ కూర్చున్నట్టే. ఆమె ఏడవలేదు. భూతద్దం నా ఒళ్లో పెట్టి, "ఇది తీసుకెళ్లిపో అక్కా" అంది. గుమ్మంలో ఉన్న మొగుడితో, "రేపు విజయవాడ వెళ్దాం. చీటీ చింపింది నేనే, వెళ్లి మళ్లీ నేనే అడుగుతాను" అంది.

విజయవాడలో మనసు డాక్టరమ్మ ఆ జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చింది. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్. నాకు నోరు తిరగడానికి వారం పట్టింది. పొగరు కాదు, సోకు కాదు, పిచ్చి అంతకన్నా కాదు, మనసుకి పట్టుకునే జబ్బు, వైద్యం ఉంది అని చెప్పిందట. మందులు రాసింది. వారానికోసారి రమ్మంది. వాళ్ల ఊరి నుంచి విజయవాడ, బస్సులో, వానైనా ఎండైనా. ఒక్క వారం మానలేదు.

రెండు నెలలకి పనిలోకి వచ్చింది. మాస్కుతోనే వచ్చింది. బల్ల ముందు నిలబడి, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"చూడండి, నేను ముక్కు గురించి అడుగుతాను. అడక్కుండా ఉండలేను, అడుగుతాను. మీరు చెప్పొద్దు."

"బాగుందని కూడానా?" అన్నాను.

"అదే అసలు చెప్పొద్దు. మీరు బాగుందంటే నాకు అరగంట హాయిగా ఉంటుంది. తర్వాత ఇంకోసారి కావాలనిపిస్తుంది. అదే జబ్బుకి మేత అంది డాక్టరమ్మ."

నాకు చెవుల్లోంచి వేడి వచ్చింది. మంచి చేస్తున్నాననుకుని ఆ స్టిక్కరు అంటించిన రోజు నుంచీ ఆ పుండుని గోకింది నేనే. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మా ఆయన ఏమైందంటే ఉల్లిపాయలన్నాను.

అడిగినప్పుడల్లా ఏం మాట్లాడాలో నాకు తోచక, "ఇవాళ కూరేంటి?" అనడం మొదలుపెట్టాను. "అక్కా, ఇటు వెలుతురులో ఒక్కసారి..." "కూరేంటి?" "అది కాదక్కా..." "కూరేంటే?" "చెప్పానుగా, దొండకాయ!" అని అరిచేది. ఒకే పూటలో అదే దొండకాయ తొమ్మిదిసార్లు చెప్పిన రోజులున్నాయి. పక్కనున్నవాళ్లకి మాకిద్దరికీ మతి పోయిందనిపించి ఉంటుంది.

ఒక మధ్యాహ్నం మాత్రం ఓడిపోయాను. ఆ పొద్దున్న గూడూరులో ఎవరో కుర్రాళ్లు ఏదో అనుకుని నవ్వుకున్నారట. వణికిపోతూ వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్కసారికీ చెప్పక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఈ ఒక్కసారికే" అంది. కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి. నేనూ మనిషినే కదా. "బంగారుతల్లీ, నీ ముక్కుకేమే..." అన్నాను. అంతే, మిగతా మాట బయటికి రాకుండా ఆమె అరచెయ్యి నా నోటి మీద పడింది. గట్టిగా. పళ్లు పెదవికి గుచ్చుకున్నాయి.

"చెప్పకు. నేను అడిగినా చెప్పకు. చెప్తే నీతో మాట్లాడను."

అడిగిందీ తనే, నోరు మూసిందీ తనే. ఆ చెయ్యి అలాగే ఉంచి అయిదు నిమిషాలు ఏడ్చింది. తర్వాత చెయ్యి తీసి, మొహం కడుక్కుని, తన ట్రే ముందు కూర్చుంది. ఆమె నాకు తలపుకొస్తే ముందు ఆ అరచెయ్యే గుర్తొస్తుంది. పూత మందుల వాసన, కొంచెం ఉప్పగా.

అద్దం గురించి డాక్టరమ్మ చెప్పినవి విని ఆమెకి నవ్వొచ్చిందట. మూరెడు దూరంలో నిలబడాలి, మొహమంతా చూడాలి, ఒక్క చోట ఆగకూడదు, పనయ్యాక వెనక్కి రాకూడదు. "ఇది మా షావుకారుగారి రూలేనండీ అని చెప్పానక్కా. జడకి ఒక చూపు, బొట్టుకి ఒకటి, మొత్తానికి ఒకటి. నాలుగోది లేదు." మొదటి రోజుల్లో నాలుగోది కాదు, నలభయ్యోది కూడా పడేది. అయినా గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుని రోజూ తగ్గించుకుంటూ వచ్చింది. ఈ సంగతి షావుకారుతో చెబితే ఆ పూట అందరికీ టీలు తెప్పించాడు.

ఇంకో పని పెట్టింది డాక్టరమ్మ. మాస్కు లేకుండా రద్దీ చోట నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడాలి. పదిమందితో. కోనేరు సెంటర్లో అంటే నేనూ తోడు వెళ్లాను. అయితే దగ్గర నిలబడవద్దంది, సోడా బండి దగ్గర నిలబెట్టింది. సాయంత్రం అయిదింటికి, జనం కిటకిటలాడుతుంటే, ఉత్త మొహంతో రోడ్డు పక్కన నిలబడింది. ఎంతసేపటికీ నోరు పెగల్లేదు. చివరికి ఒక పెద్దాయన్ని ఆపి ఏదో అడిగింది. ఆయన ఆమెని ఎగాదిగా చూసి, చెయ్యి చూపించి వెళ్లిపోయాడు. తర్వాత ఇంకొకళ్లు. అలా పదకొండుమందిని అడిగి నా దగ్గరికి వచ్చింది. చెమటతో తడిసి ముద్దయింది.

"ఏం అడిగావే?"

"కోనేరు సెంటరుకి ఎలా వెళ్లాలండీ అని."

"ఓసి నీ దుంప తెగా! నువ్వు నిలబడ్డదే కోనేరు సెంటరు!"

"ఇంకేమీ తోచలేదక్కా. ఒకాయన మాత్రం 'అమ్మా, ఆరోగ్యం బాగానే ఉందా' అన్నాడు. ఒక్కళ్లు కూడా ముక్కు మాట ఎత్తలేదు" అంది. ఇద్దరం సోడా తాగుతూ పొలమారేదాకా నవ్వాం. మర్నాడు మళ్లీ వెళ్లింది, ఈసారి ఒక్కతే.

అన్నీ సాఫీగా జరిగాయని చెబితే అబద్ధమే. చెల్లెలి పెళ్లి ఫోటోలు వచ్చిన వారం మళ్లీ మంచం పట్టింది. పది రోజులు రాలేదు. నేను వెళ్లి, "మళ్లీ మొదటికొచ్చిందా తల్లీ?" అంటే, "మొదటికి కాదక్కా. మధ్యకి వచ్చింది. అక్కణ్ణుంచి దారి తెలుసుగా" అంది. లేచి జడ వేసుకుంది. ఏమి పట్టుదలో! నాకు అంత పట్టుదల ఉంటే ఈపాటికి షుగరు మందులు మానేసి ఉందును.

తర్వాత వాళ్లాయన తరఫువాళ్లది దివిసీమ కాబట్టి అవనిగడ్డ వెళ్లిపోయారు. అక్కడ రోడ్డు మీద చిన్న ఫ్యాన్సీ కొట్టు పెట్టుకుంది. మా సరుకే అమ్ముతోంది. కిందటి నెల ఒక పార్సెలు పట్టుకుని నేనే వెళ్లాను. కొట్టు చూసి గతుక్కుమన్నాను. కౌంటరు మీద నిలువెత్తు కాకపోయినా పెద్ద అద్దమే ఉంది, ఆమె కూర్చునే చోటుకి జానెడు దూరంలో. దిద్దులు పెట్టుకుని చూసుకోడానికి కొనేవాళ్లకి అద్దం కావాలిగా మరి.

"ఎలా ఉంటున్నావే దీని పక్కన?" అన్నాను.

"రోజూ పోట్లాటేనక్కా. చాలా రోజులు నేను గెలుస్తున్నాను" అంది.

ఆ మాట అంటుండగానే ఒక పెద్దావిడ వచ్చింది. ఎర్రరాయి దిద్దులు పెట్టించుకుని చూసుకుంటోంది. ఆమె వంగి వెనక మరలు బిగిస్తోంది. మొహానికి మొహం జానెడు దూరం, మీద ట్యూబులైటు. పెద్దావిడ ఆమె వంక తేరిపార చూసింది.

"ఏమనుకోకమ్మాయ్. నీ ముక్కు కొంచెం కుడిపక్కకి వంగినట్టుందే? పుట్టుకతోనేనా?"

ఎవరూ అనలేదు ఇన్నేళ్లూ. అంటారని భయపడి ఆమె రెండేళ్లు మాస్కు కట్టుకుంది, అంటారని భయపడి కూతురి పుట్టినరోజు ఫోటోల్లో లేకుండా పోయింది. ఇవాళ ఒకావిడ, పాపం ఏ చెడ్డ బుద్ధీ లేకుండా, అనేసింది. "నీ కళ్లు పాడుగాను" అనబోయాను. నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. కౌంటరు అంచు పట్టుకుంది. అద్దం పక్కనే ఉంది. నేను ఎదురుగా ఉన్నాను. తల తిప్పితే చాలు.

తిప్పలేదు. ఊపిరి తీసుకుంది.

"ఏమోనండీ. ఉండొచ్చు" అంది. రెండో దిద్దు మర బిగించింది. "ఎర్రరాయి మీకు కొంచెం బరువైనట్టుంది. తెల్లరాయి తియ్యనా, చూస్తారా?"

పెద్దావిడ తెల్లరాయే తీసుకుంది. ఆవిడ మెట్లు దిగాక ఆమె స్టూలు మీద కూలబడి మంచినీళ్లు తాగింది.

"కాళ్లు వణుకుతున్నాయక్కా" అంది.

"ఊఁ" అన్నాను. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ మాట్లాడినా బాగుందనేస్తానని నా భయం.

"వణకనీలే" అని లేచి, గుమ్మంలో నిలబడ్డ ఇద్దరాడపిల్లల్ని, "రండమ్మా, ఏం కావాలి?" అని పిలిచింది.

సాయంత్రం బస్సు దాకా ఆ కొట్లోనే కూర్చున్నాను. తన ముక్కు నిజంగా వంగిందో లేదో నన్ను అడగలేదు.